స్కూల్ ఆటో ఆగే మూలలోనే రోజూ చెత్త మంట, పిల్లాడికి ఆగని దగ్గు. మీ వీధుల్లో ఏం చేశారు?

పటమట_అమ్మ: మేం విజయవాడ పటమటలో, ఆటోనగర్ వైపు ఉంటాం. మా సందు చివర స్కూల్ ఆటోలు ఆగే మూల ఉంది. పొద్దున ఏడున్నరకి పిల్లలంతా అక్కడ నిలబడతారు, సరిగ్గా అదే టైమ్‌కి ఊడ్చిన ఆకులు, పాల కవర్లు, కొబ్బరి బొండాలు అన్నీ కుప్ప చేసి అంటించేస్తారు. మా వాడికి ఆరేళ్లు. నవంబర్ వచ్చిందంటే రాత్రంతా దగ్గు, పిల్లికూతలు. డాక్టర్ గారు ఇన్‌హేలర్ రాస్తే అది అలవాటైపోతుందని మా అత్తగారు దాచేశారు. ఊడ్చే ఆమెని అడిగితే "బండి ఆకులు ఎక్కించుకోదమ్మా, నన్నేం చెయ్యమంటావ్" అంది. ఫిర్యాదు పెట్టాను, సమస్య తీరిపోయిందని మెసేజ్ వచ్చింది, మర్నాడు మళ్లీ పొగ! మా ఆయనేమో ఎయిర్ ప్యూరిఫైయర్ కొందాం అంటున్నారు. అపార్ట్‌మెంట్ వాళ్లంతా కలిసి ఏమైనా చేసినవాళ్లుంటే చెప్పండి.

బెజవాడ_బాబాయ్: ఆ ఒక్క మంట ఆపితే ఏమొస్తుందమ్మా? ఇటు హైవే, అటు ఇబ్రహీంపట్నం థర్మల్ కరెంటు కేంద్రం, మధ్యలో ఆటోనగర్ లారీలు. 2019లో కేంద్రం మొదలుపెట్టిన స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో మన ఊరూ ఉంది, గుంటూరూ ఉంది. అది వాళ్లు చూసుకోవాల్సిన పని. మాస్క్ కట్టి పంపించు.

బ్రాడీపేట_కుర్రాడు: బాబాయ్ గారూ, థర్మల్ పొగ ఊరంతా పంచుకుంటుంది, మూల మీద మంట మాత్రం పక్కన నిలబడ్డ పిల్లాడి ముక్కులోకే పోతుంది. పైగా చలికాలం పొద్దున పొగ పైకి లేవదు, నేల మీదే పాకుతుంది, ఆటో పొగగొట్టానికి దగ్గరగా ఉండేదీ పిల్లల మొహాలే.

అక్కా, మేం గుంటూరులో ముందు చేసిన పని ఆటోలు ఆగే చోటు నలభై గజాలు అవతలికి జరపడం. అంతే, పైసా ఖర్చు లేదు, డ్రైవర్లు రెండు రోజులు సణిగారు. ఇంజన్ ఆపమంటే మాత్రం ఒక్కడూ వినలేదు, మళ్లీ స్టార్ట్ కాదట. తర్వాత ఊడ్చే ఆమెకి ఖాళీ మిర్చి టిక్కీలు, అంటే మిరపకాయల గోనె బస్తాలు ఇచ్చాం, ఆకులు వాటిలో నింపితే మా అపార్ట్‌మెంట్ వెనక గోతిలో వేసి పైన మట్టి చల్లుతున్నాం. పాములొస్తాయని, దోమలొస్తాయని నెల రోజులు గొడవ పడ్డారు లెండి. పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ 2016లోనే బయట చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తునైతే 25,000 జరిమానా అని చెప్పింది. దాన్ని ఊడ్చే ఆమె మీద వాడకండి, ఆమె పని పోవడం తప్ప ఏమీ జరగదు. మా దగ్గర థర్మాకోల్ తగలబెట్టే షాపాయనకి చూపించాం, ఆ సాయంత్రమే ఆపేశాడు.

వార్డు_సిస్టర్: పిల్లల వార్డులో పనిచేస్తాను కాబట్టి చెప్తున్నా, ఇన్‌హేలర్ అలవాటు కాదండీ. మందు కొంచెమే, నేరుగా ఊపిరితిత్తులకి వెళ్తుంది. స్పేసర్, అంటే ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం, పెట్టి ఇవ్వండి. రోజూ వాడమని రాసిన దాన్ని దగ్గు తగ్గిందని మీ అంతట మీరు ఆపకండి. గుడ్డ మాస్క్ సన్నటి ధూళిని ఆపదు, పెద్దవాళ్ల ఎన్95 ఆరేళ్ల పిల్లాడి మొహానికి అతకదు. ప్యూరిఫైయర్ కొనేముందు ఇంట్లో దోమల చుట్టలు, సాంబ్రాణి పొగ మానండి. గాలి నాణ్యత చూపించే సమీర్ యాప్‌లో ‘సంతృప్తికరం’ అని కనిపిస్తే మురిసిపోవద్దు, పీఎం 2.5 (ఆ సన్నటి ధూళే) ఘనపు మీటరు గాలిలో అరవై మైక్రోగ్రాముల దాకా ఉన్నా అలాగే చూపిస్తుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన రోజువారీ హద్దేమో 15.

పటమట_అమ్మ: సిస్టర్ గారి మెసేజ్ అత్తగారికి చదివి వినిపించాను. ఇన్‌హేలర్ ఆవకాయ జాడీ వెనక నుంచి బయటికొచ్చింది, దోమల చుట్ట మీద ఇంకా చర్చ నడుస్తోంది. పన్నెండు ఫ్లాట్లలో నలుగురే సరే అన్నారు. ఆటోలు మాత్రం సోమవారం నుంచి గుడి వైపు ఆగుతాయి. తమ్ముడూ, మిర్చి టిక్కీలంటున్నావ్, పొగ ఆపబోయి కారం పీల్పించం కదా?

బ్రాడీపేట_కుర్రాడు: మాకు అలవాటక్కా 😄 మీరు బియ్యం బస్తాలు తీసుకోండి.