దసరా సెలవుల్లో వియత్నాం వెళ్లవచ్చా?

ప్రశ్న (అనంతపురం): అక్టోబరులో పిల్లలతో హనోయి, హోయి ఆన్, హో చి మిన్ సిటీ మూడూ చూడాలనుకుంటున్నాము. దేశమంతటా వాతావరణం అనుకూలంగా ఉంటుందా?

జవాబు (కర్నూలు): అక్కడ దేశమంతటా ఒకే కాలం ఉండదండీ. ఉత్తరాన హనోయికి అక్టోబరు, నవంబరు హాయిగా ఉండే నెలలే. కానీ మన కోస్తాకు ఈశాన్య రుతుపవనాలు వాన తెచ్చే రోజుల్లోనే అక్కడి మధ్య తీరానికీ భారీ వర్షాలు, తుఫానులు వస్తాయి కనుక, హోయి ఆన్ పాత వీధుల్లోకి నది నీరు చేరి పడవల్లో తిరగవలసి రావడం కొత్తేమీ కాదు. దక్షిణాన వానలు నవంబరు దాకా ఉన్నా, ఎక్కువగా మధ్యాహ్నం దాటాక ఒక జల్లు కురిసి వెలుస్తుంది.

జవాబు (కడప): మూడూ ఒకే ప్రయాణంలో కావాలంటే మార్చి మేలు. కాకపోతే అవి పిల్లల పరీక్షల రోజులు!

ప్రశ్న అడిగినవారు: వాన కోసం ఎదురుచూసే ఊరివాళ్లం, వరద చూడటానికి అంత దూరం ఎందుకు లెండి. ఈసారికి హనోయి పరిసరాలకే పరిమితమవుతాము.