గోల్ పడిన తర్వాత జట్టు తేరుకోవడం ఎలా? కెనడా మహిళల ఫుట్‌బాల్ జట్టు గెలుపుపై ఒక ప్రశ్న

ప్రశ్న: వ్యాయామ ఉపాధ్యాయుడు, అనంతపురం

అనంతపురం దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో బాలికల ఫుట్‌బాల్ జట్టుకు శిక్షణ ఇస్తున్నాను. మా పిల్లలు ఆటలో ఎవరికీ తీసిపోరు. కానీ ముందుగా ఒక గోల్ పడిందంటే చాలు, గోల్‌కీపర్ వలలోని బంతి వంకే చూస్తూ నిలబడిపోతుంది, మిగిలినవాళ్లు తలలు దించుకుంటారు, కాసేపటికే రెండో గోల్ కూడా పడుతుంది. అందుకే 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కెనడా మహిళలు ఆడిన తీరు నా మనసులో నిలిచిపోయింది. న్యూజిలాండ్ జట్టు సాధనను డ్రోన్‌తో చాటుగా చిత్రీకరించిన వ్యవహారంలో ప్రధాన కోచ్ బెవ్ ప్రీస్ట్‌మన్‌ను తప్పించారు. ఫిఫా 6 పాయింట్లు కోత పెట్టింది. ఆ మరునాడే, జూలై 28న, వారు ఆతిథ్య ఫ్రాన్స్‌కు మొదటి గోల్ సమర్పించుకొని కూడా 2-1తో గెలిచారు. ప్రధాన కోచ్ లేని జట్టుకు అంత స్థైర్యం ఎక్కడి నుంచి వచ్చింది? అది విరామంలో చెప్పిన మాటల బలమా, అంతకుముందు చేసిన సాధన ఫలమా? అనుభవజ్ఞులు వివరించగలరని మనవి.

జవాబు: పాత డిఫెండర్, కర్నూలు

సార్, అది సాధన ఫలమేనని నా నమ్మకం. జూలై 25న న్యూజిలాండ్‌తో ఆడిన మొదటి ఆటలోనూ కెనడాయే ముందుగా గోల్ ఇచ్చింది. విరామానికి ముందు క్లోయీ లకాస్ స్కోరు సమం చేయగా, రెండో భాగంలో ఎవ్‌లిన్ వియన్స్ గెలిపించింది. ఆ ఆటకూ సహాయ కోచ్ ఆండీ స్పెన్సే బాధ్యత వహించారు. కోత తర్వాత వారి ఖాతాలో ఉన్నది మైనస్ 3. ఫ్రాన్స్‌తో డ్రా చేసుకొని కొలంబియాను ఓడించినా మిగిలేది ఒక్క పాయింటే కాబట్టి, దారి దాదాపు మూసుకుపోయేది. గెలవడం తప్ప గత్యంతరం లేదని పదకొండు మందికీ స్పష్టంగా తెలిసినప్పుడు కోచ్ కొత్తగా చెప్పవలసింది తక్కువ. జెస్సీ ఫ్లెమింగ్ స్కోరు సమం చేశాక, 90 నిమిషాలు ముగిశాక ఆగిన ఆటకు బదులుగా కలిపిన సమయంలో 12వ నిమిషాన గెలుపు గోల్ కొట్టిన వెనెస్సా గిలెస్ డిఫెండర్ అన్నది గమనించండి. తర్వాత కొలంబియాపై 1-0 గోల్ కూడా ఆమెదే. మూడు గెలుపులకు మిగిలిన 3 పాయింట్లతోనే గ్రూపులో రెండో స్థానం దక్కింది. క్వార్టర్ ఫైనల్లో జర్మనీ చేతిలో షూటౌట్‌లో ఓడారు గానీ, ఆ ఓటమి వల్ల నా గౌరవం ఇసుమంతైనా తగ్గలేదు.

జవాబు: క్రీడాభిమాని, కడప

పై మిత్రులతో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ కోచ్ నిర్ణయాన్ని అంత తేలికగా తీసివేయలేము. టోక్యో క్రీడల ఫైనల్, 2021 ఆగస్టు 6న యోకొహామాలో జరిగినది, చూడండి. స్వీడన్ తరఫున బ్లాక్‌స్టెనియస్ 34వ నిమిషంలో గోల్ చేసింది. ప్రీస్ట్‌మన్ విరామంలోనే ఇద్దరిని మార్చి జూలియా గ్రోసోను, అడ్రియానా లియోన్‌ను దింపారు. 67వ నిమిషంలో ఫ్లెమింగ్ పెనాల్టీతో స్కోరు సమమైంది. షూటౌట్‌లో కెనడా వరుసగా మూడు కిక్‌లు వృథా చేసింది, వాటిలో లియోన్‌ది ఒకటి. అయినా గోల్‌కీపర్ స్టెఫనీ లాబే రెండు ఆపగా, చివరి కిక్ గ్రోసో కొట్టి 3-2తో స్వర్ణం తెచ్చింది. ఇంత సమర్థురాలైన కోచ్‌పైనే మూడేళ్లకు ఫిఫా ఏడాది నిషేధం విధించిందన్న మాట కూడా, సార్, మీ పిల్లలకు దాచకుండా చెప్పండి.

జవాబు: మాజీ క్రీడాకారిణి, అనంతపురం

నమస్కారం సార్. సాధన ఆటను 0-0తో కాకుండా, పదిహేను నిమిషాలే మిగిలాయని, ఒక గోల్ వెనకబడి ఉన్నామని చెప్పి మొదలుపెట్టించండి. ఆ పదిహేను నిమిషాలూ మీరు గీత బయట నిలబడి ఒక్క మాట కూడా చెప్పవద్దు. ఎవరు ముందుకు వెళ్లాలో, ఎవరు వెనక ఆగాలో పిల్లలే ఒకరికొకరు అరిచి చెప్పుకోవాలి. గోల్ పడిన వెంటనే వలలోంచి బంతి తీసుకొని మధ్య గీత దాకా పరుగెత్తే బాధ్యత ఒకరికి ముందే అప్పగించండి. అది గోల్‌కీపర్‌కు మాత్రం వద్దు. గోల్‌కీపర్ దగ్గరికి సెంటర్ బ్యాక్ (రక్షణ వరుస మధ్యలో ఆడే అమ్మాయి) వెళ్లి భుజం తట్టి, బంతి అందుకొని రావాలి.

ప్రశ్న అడిగినవారి సమాధానం

అమ్మా, కృతజ్ఞతలు. మా సెంటర్ బ్యాక్ తొమ్మిదో తరగతి అమ్మాయి, గట్టిగా మాట్లాడదు. కెప్టెన్ మిడ్‌ఫీల్డ్‌లో ఆడుతుంది. బంతి తెచ్చే పని కెప్టెన్‌కు ఇస్తే ఆమె స్థానం ఖాళీ అవుతుందా, లేక ఆట ఆగి ఉన్న సమయమే కనుక ఇబ్బంది ఉండదా?