ఉత్తర జపాన్‌లో పల్లెటూరి ప్యాసింజర్లు ఎక్కినోళ్ళు ఎవరైనా ఉన్నారా? మా కథ చెప్తా, మీదీ చెప్పండి

కిటికీసీటు:
మొన్న అక్టోబర్‌లో మా రాజమండ్రి ఫ్రెండొకడు వచ్చాడు, ఇంజనీరింగ్‌లో నాలుగేళ్ళు ఒకే రూమ్ మాది. టోక్యో, క్యోటో వద్దంట వాడికి, అవన్నీ రీల్స్‌లో చూసేశాన్రా జనం లేని చోటుకి తీసుకెళ్ళు అన్నాడు. సరే అని గోనో లైన్ పెట్టుకున్నాం. తెలీనోళ్ళకి చెప్తున్నా, అకితా వైపు హిగాషి నోషిరో నుంచి అవొమొరిలో కవాబే దాకా 147 కిలోమీటర్లు, సింగిల్ లైన్, డీజిల్ బండి, మధ్యలో చాలాసేపు పక్కనే సముద్రం, అల వచ్చి కిటికీకి కొడుతుందేమో అన్నంత దగ్గర. అది దాటాక ఇవాకి కొండ, కొండ కింద ఎటు చూసినా ఆపిల్ తోటలు, చెట్లకి ఎర్రగా వేలాడుతున్నాయి.

అసలు కథ తొదొరొకి దగ్గర. గుర్రం అనే అక్షరం మూడుసార్లు పేరిస్తే వచ్చే అక్షరంతో మొదలవుద్ది ఆ ఊరి పేరు, మొత్తం 30 గీతలు, నాకు ఇప్పటికీ రాయడం రాదు. అక్కడ దిగాలని బ్యాగులు సర్దుకుని వెనక డోర్ దగ్గర నుంచున్నాం. బండి ఆగింది. బటన్ నొక్కా. తెరుచుకోలా. మళ్ళీ నొక్కా, ఈలోపు బండి కదిలిపోయింది! దిగేది ముందు డోర్‌లోంచే అని మైకులో చెప్తూనే ఉన్నారంట, నేనేమో వీడితో హాస్టల్ మెస్ గురించి వాగుతున్నా. "మూడేళ్ళ నుంచి ఇక్కడున్నావ్, ఇదేనట్రా నీ జపనీస్" అని వాడు ఒకటే నవ్వు.

తర్వాతి స్టేషన్ కసొసెలో దిగి 101 హైవే పట్టుకుని వెనక్కి నడిచాం, ఓ గంట పట్టింది, గాలికి మొహాలు పేలిపోయాయి. తీరా చూస్తే తొదొరొకి స్టేషనంటే చెక్కలతో కట్టిన ఒక గది, పిట్ట మనిషి లేడు, ప్లాట్‌ఫాం మీద నుంచుంటే ఎదురుగా సముద్రం తప్ప ఇంకేం లేదు. తర్వాత బండికి రెండు గంటల పైనే ఉంది. వాళ్ళమ్మగారు పంపిన చెగోడీలు తింటూ కూర్చున్నాం, నాలుగేళ్ళు ఒకే రూమ్‌లో ఉన్నా చెప్పని విషయాలు ఆ బెంచీ మీద చెప్పాడు వాడు. అవి ఇక్కడ రాయనులెండి.

ఇప్పుడు మళ్ళీ వస్తానంటున్నాడు, ఈసారి మంచులో. చలికాలం వెళ్ళినోళ్ళు చెప్పండి, వాడు శనివారాలు నాన్‌వెజ్ ముట్టడు కూడా.

సెందాయ్_చలి:
హహ, ఆ డోర్ దెబ్బ అందరికీ తగిలేదే అన్నా. కొత్తగా వచ్చేవాళ్ళ కోసం రాస్తున్నా, ఈ పల్లె లైన్లలో చాలావరకు వన్‌మ్యాన్ బండ్లు, అంటే డ్రైవర్ ఒక్కడే, కండక్టర్ ఉండడు, మన పల్లెవెలుగులో డ్రైవరే టికెట్ కొట్టినట్టన్నమాట. స్టాఫ్ లేని స్టేషన్‌లో ఎక్కితే డోర్ దగ్గర మిషన్‌లోంచి నంబర్ చీటీ లాక్కోవాలి, ముందు బోర్డు మీద మీ నంబర్ కింద చార్జీ పెరుగుతూ పోతుంది, దిగేటప్పుడు చీటీ, చిల్లర డ్రైవర్ పక్కన డబ్బాలో వేయాలి. నేను మొదటిసారి 10,000 యెన్ నోటుతో ఎక్కా, ఆ మిషన్ 1000 నోటుకే చిల్లర ఇస్తుంది. డ్రైవర్ ఏమనలేదు గానీ నా వెనక నలుగురు ముసలాళ్ళు సంచులు పట్టుకుని ఆగిపోయారు, సిగ్గుతో చచ్చా. రైలు చార్జీకి గీకే సూయికా కార్డు ఉందిగా అనుకోకండి, ఈ చిన్న స్టేషన్లలో చాలాచోట్ల అది గీకేదే ఉండదు.

ఓరుగల్లు_పోరి:
చలికాలమైతే స్టవ్ ట్రైన్ ఎక్కుండ్రి! నేను నా దోస్తు జనవరిల పోయినం. గోషొగవరా నుంచి త్సుగరు నకసతో దాకా 20 కిలోమీటర్లే, చిన్న ప్రైవేటు లైను, ఈ పొయ్యి బండి డిసెంబర్ 1 నుంచి మార్చి 31 దాకనే నడుస్తది. పాత డబ్బాల నడుమ బొగ్గు పొయ్యి ఉంటది, గుండ్రంగ, బొద్దుగ, పైకి గొట్టం. బయట మంచు తప్ప ఏం కనిపియ్యదు, కిటికీల సందులకెళ్ళి సన్నటి గాలి, పొయ్యి దిక్కున్న మోకాలు కాలుతాంటే అటు దిక్కు మోకాలు గడ్డ కడ్తది.

ఇగ అసలు ముచ్చట. ఆ పొయ్యి మీద ఎండు స్క్విడ్ కాలుస్తరు, అదే అక్కడి స్పెషల్. నా దోస్తు పక్కా వెజ్, ఆ వాసనకు స్వెటర్ల మొకం దాచుకుంది, పక్క సీట్ల ముసలమ్మ పాపం చలి పెడ్తున్నదనుకుని తన దుప్పటి కూడ కప్పింది. ఆ దుప్పటికి గుడ అదే వాసన 😂

తిండి సంగతి: సోబా, ఉడోన్ అనే నూడుల్స్ చారులల్ల మామూలుగ చేప పొడి ఉంటది, కూరగాయల సోబా అన్నా నమ్మకుండ్రి. మేం కన్వీనియన్స్ స్టోర్ల ఉమె ఒనిగిరి, అంటే అన్నం ముద్దలు, తిని బతికినం, లోపల ఉప్పుల ఊరేసిన పుల్లటి పండు ఉమెబోషి ఉంటది, నా దోస్తు "ఇది మా అమ్మమ్మ ఉప్పుల నానేసిన నిమ్మకాయనే గదనే" అన్నది. దానికి రెండు వేళ్ళ ఆవకాయ పెట్టుకుంటే ఇగ ఏం కావాలె. మూత మాత్రం బండిల తియ్యకుండ్రి.

ప్యాసింజర్_పిచ్చోడు:
కిటికీసీటు గారూ, సీషున్ 18 టికెట్ గురించి ఒక మాట, అంటే జేఆర్ రైల్వే మామూలు బండ్లు రోజంతా ఎన్నైనా ఎక్కే టికెట్. ఇదివరకు ఐదు రోజుల టికెట్ ఇద్దరు ముగ్గురు పంచుకునేవాళ్ళం, ఫ్రెండ్స్‌తో తిరగడానికి అంతకంటే మంచిది ఉండేది కాదు. 2024 చలికాలం నుంచి మార్చేశారు, ఇప్పుడు ఒక మనిషికి ఒక టికెట్, వరుసగా మూడు రోజులో ఐదు రోజులో వాడాలి, మార్చినప్పుడు మూడు రోజులది 10,000 యెన్, ఐదు రోజులది 12,050. నాకైతే ప్రాణం పోయినట్టయింది. ఇంకోటి, మొరియొకాకి ఉత్తరాన అవొమొరి వెళ్ళే పాత మెయిన్ లైన్ ఇప్పుడు జేఆర్ కాని వేరే కంపెనీలది, ఈ టికెట్ అక్కడ మామూలుగా చెల్లదు, అందుకే అకితా మీదుగా వెళ్తాం మేమంతా.

ఆ దారిలో కితకమి లైన్‌లో హొట్టొ యుదా అని ఒక స్టేషన్ ఉంది, స్టేషన్ బిల్డింగులోనే వేడినీళ్ళ స్నానాలు. తొట్టి ఉన్న గదిలో గోడకి రైల్వే సిగ్నల్ పెట్టారు, నిజంగా! బండికి టైముంటే ఒక రంగు, దగ్గరపడితే ఎరుపు. మా వాడు మొదట బట్టలు లేకుండా నేను రానంటే రానని బయట బెంచీ మీద కూర్చున్నాడు, పావుగంటకి చలికి తట్టుకోలేక తనే వచ్చాడు. వచ్చాక మెడ దాకా మునిగి సిగ్నల్ పసుపైనా లేవడు, ఎర్రలైటు పడ్డాక పరుగు, తడి తలతోనే బండెక్కాం, జుట్టు అట్ట కట్టేసింది.

చికాకోల్_రామం:
స్నానం అంటే గుర్తొచ్చింది. అవొమొరి పడమటి వైపు మాట్లాడే త్సుగరు యాస మిగతా జపాన్‌వాళ్ళకే అర్థం కాదంటారు కదండి. మాకు గెస్ట్‌హౌస్ తాతగారు ఒకటి నేర్పారు, వీధిలో ఇద్దరు ఎదురుపడితే ఒకరు "దొసా?" అంటారు, ఇంకొకరు "యుసా" అంటారు, అంతే, మాటలు అయిపోయాయి. ఎక్కడికి అంటే వేడినీళ్ళ స్నానానికి అని. చలికి నోరు ఎక్కువ తెరవలేక అంత పొట్టిగా అయిందని ఆయన అన్నారు, నిజమో జోకో గానీ. మా ఫ్రెండ్ "దోశా! ఎక్కడ?" అని లేచి నుంచున్నాడు, అప్పటికి ఆరు రోజులైంది వాడు టిఫిన్ తిని. ఆ రోజు నుంచి నా శ్రీకాకుళం యాస మీద నవ్వడం మానేశాడులెండి.

ఓరుగల్లు_పోరి:
దోశా 😂😂 నేను సచ్చిన

సెందాయ్_చలి:
కిటికీసీటు అన్నా, మంచులో ఐతే తదమి లైన్ కూడా చూడు, ఫుకుషిమాలో ఐజు వకమత్సు నుంచి నీగతాలో కొయిదె దాకా 135 కిలోమీటర్లు. 2011 జూలై వరదల్లో వంతెనలు కొట్టుకుపోతే 2022 అక్టోబర్ 1న గానీ మొత్తం లైన్ తెరవలేదు, పదకొండేళ్ళు. ఇప్పుడు కూడా ఐజు కవాగుచి నుంచి తదమి దాకా ఒక్కో వైపుకి రోజుకి మూడే బండ్లు, అంటే మీ తొదొరొకి లాగా ఒకటి పోతే ఆ రోజు గోవిందా. మంచు ఎక్కువైతే ఉన్నవి కూడా ఆపేస్తారు, నదీ వంతెనా చూడాలంటే ఒక రోజు ఎక్స్‌ట్రా పెట్టుకోండి.

కిటికీసీటు:
అందరికీ థ్యాంక్స్. ఇదంతా వాడికి పంపా. స్టవ్ ట్రైన్ ఓకే అన్నాడు, శనివారం కాకుండా చూడమన్నాడు, స్నానం మాత్రం "ఆలోచిద్దాం" అన్నాడు. ఆవకాయ సీసా చెక్-ఇన్‌లో పెట్టమన్నా, నూనె కారకుండా మీరు ఎలా కడతారో కూడా చెప్పండి, పోయినసారి వాడి రెండు చొక్కాలు పోయాయి.