కాలిన్ కౌంటీలో క్లాస్ బి థెఫ్ట్ కేసు: మెకిన్నీ కోర్టులో మొదటి వాయిదా నుంచి ఏం జరుగుతుంది?

ఫ్రిస్కో_రమ్య:
అందరికీ నమస్కారం. మా చిన్నాన్నగారి అబ్బాయి ఎఫ్‌-1 విద్యార్థి వీసా మీద ఎంఎస్ చేస్తున్నాడు. సెల్ఫ్ చెకౌట్‌లో 130 డాలర్ల సామాను స్కాన్ చేయకుండా బయటికి తెచ్చాడని పోలీసులు అరెస్టు చేసి, మర్నాడు బాండ్ (బెయిల్ పూచీ) మీద వదిలారు. కాగితం మీద "థెఫ్ట్, 100 నుంచి 750 లోపు, క్లాస్ బి" అని ఉంది. కేసు టెక్సస్‌లోని కాలిన్ కౌంటీది. స్టోరుకి డబ్బు కట్టేస్తే కేసు పోతుందా? మొదటి డేట్‌కే తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టేస్తే అయిపోతుందని రూమ్మేట్లు చెబుతున్నారట, నిజమేనా? డిసెంబర్‌లో ఇండియా టికెట్ కూడా ఉంది. ప్రాసెస్ తెలిసినవాళ్ళు చెప్పండి.

బ్లూమ్‌డేల్_రోడ్:
రమ్య గారూ, ముందు ఫైన్ మాట: ఇమ్మిగ్రేషన్ సంగతి కూడా తెలిసిన లాయర్ చూడకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టనివ్వకండి. రూమ్మేట్లు చెబుతున్నది స్పీడింగ్ టికెట్ పద్ధతి. అది క్లాస్ సి, మునిసిపల్ కోర్టులోనో జేపీ (చిన్న కేసులు చూసే జస్టిస్ ఆఫ్ ది పీస్) కోర్టులోనో 500 డాలర్ల లోపు ఫైన్‌తో తెమిలిపోతుంది. క్లాస్ బి అలా కాదు. 180 రోజుల దాకా కౌంటీ జైలు, 2,000 డాలర్ల దాకా ఫైన్ పడొచ్చు. దీన్ని విచారించేది మెకిన్నీలో బ్లూమ్‌డేల్ రోడ్ మీదున్న భవనంలోని కౌంటీ కోర్ట్ ఎట్ లా. అదే 2,500 డాలర్లు దాటితే ఫెలనీ (పెద్ద నేరం) అయ్యేది, గ్రాండ్ జ్యూరీ (కేసు పెట్టాలా వద్దా తేల్చే పౌరుల బృందం) ముందుకెళ్ళి డిస్ట్రిక్ట్ కోర్టుకి పోయేది.

స్టోరుతో రాజీ విషయం. మన ఊళ్ళో లోక్ అదాలత్‌లో రాజీ చేసుకున్నట్టు ఇక్కడ కుదరదు. కేసు వేసేది స్టోరు కాదు, టెక్సస్ రాష్ట్రం. స్టోరు తరఫు లాయర్ల నుంచి డబ్బు కట్టమని ఉత్తరం రావచ్చు. అది సివిల్ వ్యవహారం, కట్టినా క్రిమినల్ కేసు ఆగదు. ఇంకో జాగ్రత్త: స్టోరు సెక్యూరిటీ వాళ్ళు గానీ డిటెక్టివ్ గానీ ఫోన్ చేసి "ఇంతకు ముందు కూడా ఇలా చేశావా" అని అడిగితే మాట్లాడొద్దనండి. వేర్వేరు రోజుల్లో తీసినవైనా ఒకే పథకం కిందివని ప్రాసిక్యూటర్ ఆరోపిస్తే, ఆ మొత్తాలన్నీ కలిపి ఒకే కేసు పెట్టడానికి చట్టం ఒప్పుకుంటుంది. పాత వీడియోలు కలిసి 750కి చేరితే కేసు క్లాస్ ఎ అవుతుంది. అప్పుడు ఏడాది దాకా జైలు, 4,000 దాకా ఫైన్.

ఇప్పుడు క్రమం. అరెస్టయ్యాక మేజిస్ట్రేట్ ముందుకి 48 గంటల్లోపు తీసుకెళ్ళాలి. అక్కడ ఆరోపణ, హక్కులు చదివి బాండ్ నిర్ణయిస్తారు. అది మీవాడికి అయిపోయింది. అంటే ఇంకా కోర్టులో కేసు పడిందని కాదు. పోలీసు రిపోర్టు డీఏ (జిల్లా ప్రాసిక్యూటర్) ఆఫీసుకి వెళ్తుంది, వాళ్ళు చూసి, ప్రమాణం చేసిన ఫిర్యాదు ఆధారంగా "ఇన్ఫర్మేషన్" అనే అభియోగపత్రం దాఖలు చేస్తారు. మిస్డిమీనర్‌కి (ఫెలనీ కాని చిన్న నేరానికి) గ్రాండ్ జ్యూరీ అక్కర్లేదు. దీనికి నెలలు పట్టొచ్చు, గడువు నేరం జరిగిన రోజు నుంచి రెండేళ్ళు. చాలామంది పడే గొయ్యి ఇదే. ఉత్తరం రాలేదు కాబట్టి వదిలేశారనుకుని ఆగస్టులో లీజు అయిపోగానే వేరే అపార్ట్‌మెంట్‌కి మారతారు. వాయిదా నోటీసు పాత అడ్రస్‌కి వెళ్తుంది, వీళ్ళు రారు, బాండ్ ఫోర్‌ఫీట్ (జప్తు) అయి వారెంట్ పుడుతుంది. అడ్రస్ మారిన రోజే బాండ్ కంపెనీకీ కోర్టు క్లర్క్‌కీ రాతపూర్వకంగా చెప్పాలి. కౌంటీ వెబ్‌సైట్‌లో పేరుతో వారానికోసారి వెతుక్కోవడం ఇంకా మంచిది.

మొదటి వాయిదాలో విచారణ ఉండదు. పేరు పిలుస్తారు, లాయర్ ఉన్నాడా లేడా చూస్తారు, లాయర్ ఉంటే చాలాసార్లు అరైన్‌మెంట్‌ని (ఆరోపణ చదివి, ఒప్పుకుంటావా అని అడగడాన్ని) కాగితం మీదే వదులుకుంటారు. తర్వాత ఒకదాని వెంట ఒకటి వాయిదాలు. ఆ మధ్యలో లాయర్ సాక్ష్యం తెప్పించుకుంటాడు: పోలీసు రిపోర్టు, బాడీ క్యామ్, స్టోర్ కెమెరా, సామాను ధరల లిస్టు. ముద్దాయి వాటిని లాయర్ దగ్గర చూడొచ్చు, కాపీలు మాత్రం ఇవ్వరు. ఈ కేసులో ధరల లిస్టే ఆయువుపట్టు. 130లో రెండు వస్తువులకి రసీదు దొరికి మొత్తం 100 కిందికి పడితే క్లాస్ సి అవుతుంది. బ్యాంకు స్టేట్‌మెంట్, ఆ రోజు రసీదు, స్టోర్ యాప్‌లో కొనుగోళ్ళ చరిత్ర ఇప్పుడే భద్రం చేయమనండి. స్టోరు వీడియో ఎక్కువ రోజులు ఉంచకపోవచ్చు, కాబట్టి దాన్ని చెరపొద్దని లాయర్ వెంటనే ఉత్తరం పంపాలి.

ట్రయల్ దాకా వెళ్తే కౌంటీ కోర్టులో జ్యూరీ ఆరుగురే, పన్నెండు మంది కాదు. తీర్పు ఏకగ్రీవంగా ఉండాలి.

డెంటన్_నుంచి:
పైన చెప్పినదంతా సరే. ఇమ్మిగ్రేషన్ వైపు మాత్రం కోర్టు మాటలనీ ఫెడరల్ మాటలనీ విడివిడిగా చదవాలి. టెక్సస్‌లో "డిఫర్డ్ అడ్జుడికేషన్" అని ఇస్తారు. తప్పు ఒప్పుకున్నా, లేక నో కాంటెస్ట్ (ఒప్పుకోకుండానే, ఆరోపణ మీద పోరాడనని) అన్నా, జడ్జి నేరం రుజువైందని ప్రకటించకుండా ప్రొబేషన్ (షరతులతో పర్యవేక్షణ) పెట్టి, అది పూర్తయ్యాక కేసు కొట్టేస్తాడు. రాష్ట్రం దృష్టిలో అది కన్విక్షన్ (నేర నిర్ధారణ) కాదు. ఫెడరల్ ఇమ్మిగ్రేషన్ చట్టం దృష్టిలో కన్విక్షనే. ప్రాసిక్యూటర్ "నీ రికార్డు మీద కన్విక్షన్ ఉండదు" అనేది నిజమే, కానీ అది సగం నిజం.

థెఫ్ట్‌ని నైతిక పతనానికి సంబంధించిన నేరాల్లో లెక్కేస్తారు. అమెరికాలో ప్రవేశం దొరికిన అయిదేళ్ళలోపు అలాంటి నేరం చేసి, దానికి ఏడాది లేదా ఆపైన శిక్ష పడే వీలుంటే డిపోర్టబుల్ (దేశం నుంచి పంపేయొచ్చు). క్లాస్ ఎ గరిష్ఠం సరిగ్గా ఏడాది, అంటే ఆ గీత మీదే ఉంది. క్లాస్ బి గరిష్ఠం 180 రోజులు, అది గీతకి ఇవతల. అందుకే 750 డాలర్ల హద్దు మీకు ఫైన్ కంటే ముఖ్యం. క్లాస్ బి ఒకటే ఉంటే తిరిగి ప్రవేశానికి "పెటీ అఫెన్స్" (చిన్న నేరం) మినహాయింపు కూడా పనిచేయొచ్చు. రెండోసారి వేరే సందర్భంలో మళ్ళీ శిక్షపడితే ఆ మినహాయింపు పోతుంది, డిపోర్టబిలిటీ కూడా వస్తుంది.

2010లో పడిల్లా వర్సెస్ కెంటకీ కేసులో సుప్రీంకోర్టు, ప్లీకి (కోర్టులో తప్పు ఒప్పుకోవడానికి) ముందు ఇమ్మిగ్రేషన్ పరిణామాలు చెప్పడం డిఫెన్స్ లాయర్ బాధ్యతే అంది. కాబట్టి లాయర్‌ని నేరుగా అడగండి: "ఈ ప్లీ ఫెడరల్ చట్టం కింద కన్విక్షనా? ఏ సెక్షన్ కింద?" జవాబు రాతలో తీసుకోండి.

ఫ్రిస్కో_రమ్య:
చాలా థాంక్స్ అండీ. ప్రీట్రయల్ డైవర్షన్ అడిగితే మంచిదని ఒకరు చెప్పారు. అందులో కేసు కొట్టేస్తారు కదా? ఇంకోటి, ఎఫ్‌-1 వాళ్ళకి కోర్టు ఖర్చుతో లాయర్‌ని ఇస్తారా?

మెకిన్నీ_శేఖర్:
ఇస్తారమ్మా. స్తోమత లేదని ఫారం నింపి ఆదాయం చూపించాలి, వీసాతో సంబంధం లేదు. కాలిన్ లాంటి పెద్ద కౌంటీల్లో అర్జీ అందాక ఒక పని దినంలోపు లాయర్‌ని నియమించాలని రూల్. ఫారంలో తల్లిదండ్రులు పంపే డబ్బు దాచొద్దు, అది ప్రమాణం చేసి ఇచ్చే కాగితం.

డైవర్షన్ జాగ్రత్తగా చూడాలి. అది డీఏతో ఒప్పందం. క్లాసులు, సామాజిక సేవ, ఫీజులు పూర్తిచేస్తే కేసు కొట్టేస్తారు, తర్వాత ఎక్స్‌పంక్షన్‌కి (రికార్డు చెరిపేయించుకోడానికి) అర్హత కూడా రావచ్చు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ చేరేటప్పుడే "నేను ఈ పని చేశాను" అని రాసి సంతకం పెట్టించి, జడ్జి ఆమోదంతో పర్యవేక్షణలో ఉంచితే, అది కన్విక్షనే అని ఇమ్మిగ్రేషన్ అప్పీళ్ళ బోర్డు 2017లో మ్యాటర్ ఆఫ్ మొహమ్మద్ అనే కేసులో తేల్చింది. అది టెక్సస్ ఒప్పందం గురించి వచ్చిన తీర్పే. అందుకని లాయర్ ఒప్పందంలో రెండు చోట్లు చదవాలి: ఒప్పుకోలు వాక్యం, జడ్జి సంతకం గీత. ఒప్పుకోలు లేకుండా చేరనిస్తారేమో ముందే బేరమాడాలి. అలా కుదరకపోతే, ధరల లిస్టు మీద పోరాడి క్లాస్ సికి దించే దారితో పోల్చి చూడాలి. క్లాస్ సి అయినా అది థెఫ్టే అన్నది మరవొద్దు.

ఇంగ్లిష్ కోర్టు భాష తడబడితే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని లాయర్ ముందే అర్జీ పెట్టాలి. వాయిదా రోజు అడిగితే తెలుగువాళ్ళు దొరకరు, ఇంకో తేదీ ఇస్తారు.

డెంటన్_నుంచి:
ఇండియా టికెట్ గురించి ఎవరూ చెప్పలేదు. ముందు బాండ్ షరతులు చదవండి. రాష్ట్రం దాటాలన్నా కోర్టు అనుమతి కావాలని అందులో ఉండొచ్చు. అనుమతి వచ్చినా, అరెస్టు తర్వాత విదేశాంగ శాఖ వీసా స్టాంపు రద్దు చేసే వీలుంది. ఆ సంగతి ఈమెయిల్‌లో వస్తే, స్టేటస్ సంగతి ఏమవుతుందో వెంటనే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి. బయటికి వెళ్తే మాత్రం కొత్త స్టాంపు లేకుండా తిరిగి రాలేడు. వీసా దరఖాస్తు డీఎస్‌-160లో అరెస్టయ్యారా అనే ప్రశ్నకి, కేసు కొట్టేసినా, ఎక్స్‌పంజ్ అయినా, అవుననే రాయాలి. కేసు తేలకుండా డిసెంబర్ ప్రయాణం పెట్టుకోవద్దు.

మెకిన్నీ_శేఖర్:
దానికే ఒక ముక్క. కేసు ముగిసిన రోజే క్లర్క్ దగ్గర సీలు వేసిన డిస్పొజిషన్ (కేసు ఎలా ముగిసిందో చెప్పే కాగితం) కాపీలు నాలుగైదు తీసుకోమనండి. ఎక్స్‌పంక్షన్ ఆర్డర్ వచ్చాక కోర్టు దగ్గర ఆ ఫైలు మిగలదు. తర్వాత కాన్సులేట్ అడిగినప్పుడు కేసు కొట్టేశారని చూపించడానికి కాగితమే ఉండదు. బాండ్ నగదుగా కట్టి ఉంటే, ఆ రసీదు ఎవరి పేరు మీద ఉందో వాళ్ళకే డబ్బు తిరిగొస్తుంది. అదీ దాచమనండి. బాండ్ కంపెనీకి కట్టిన ఫీజు మాత్రం రాదు.