గోషామహల్ బారాదరి: పేరులోని మాటల గురించి

హైదరాబాదులోని గోషామహల్ పేరులో ఉన్న ‘గోషా’కు సంస్కృత ‘ఘోష’తో చుట్టరికం ఉందా అని అడిగిన మిత్రులకు నా సమాధానం: లేదు. ఇది పారసీకం నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చిన మాట. మూల, ఏకాంతం అన్న అర్థాల నుంచి పరదా చాటున ఉండడమనే అర్థం దీనికి ఏర్పడింది. తెలుగువారు ఒత్తు చేర్చి ‘ఘోషా’ అని పలకడం వల్లనే ఈ సందేహం వస్తున్నది. విశాఖపట్నంలో స్త్రీల కోసం వెలసిన ఘోషాసుపత్రి, మద్రాసులో 1885లో మొదలైన గోషా ఆసుపత్రి ఈ మాటనే మోస్తున్నాయి. ఆచారాన్ని చెప్పేటప్పుడు ‘ఘోషా’ రూఢి అయిపోయింది కనుక తప్పు పట్టలేము; ఊరిపేరును మాత్రం ఒత్తు లేకుండానే రాయాలి.

గోల్కొండ చివరి సుల్తాను తానీషా (1672–1687) కాలంలో అంతఃపుర స్త్రీల కోసం కట్టిన మహలు కాబట్టి ఆ పేరు వచ్చింది. బారాదరి అంటే పన్నెండు ద్వారాలు గలది, అంటే గాలి ధారాళంగా ఆడేలా కమానులతో కట్టే మండపం. 1872లో, మొదటి సాలార్‌జంగు దివానుగా ఉన్న రోజుల్లో, ఈ బారాదరి ఫ్రీమేసన్ల (రాతిపనివారి సంప్రదాయం నుంచి తమ ఆచారాలు తీసుకున్న ఒక సోదరసంఘం) చేతికి వచ్చి వారి లాడ్జి అయింది.

తెలుగులో లాడ్జి అనగానే బస చేసే గదులే తోస్తాయి గాని, ఇక్కడి లాడ్జి అర్థం వేరు. మధ్యయుగపు ఐరోపాలో రాతిపని చేసేవారు కట్టడం పక్కనే వేసుకున్న పాకకు ఆ పేరు ఉండేది. తరువాత అది సోదరబృందానికీ, వారి సభామందిరానికీ వర్తించింది. ఆ పని గుర్తులు నేటికీ పోలేదు: లాడ్జి అధ్యక్షుడి మెడలో మూలమట్టం, ఆయన తరువాతి ఇద్దరి మెడల్లో మట్టం, తూకపు గుండు చిహ్నాలుగా వేలాడుతాయి. మన తాపీమేస్త్రీల నోట రోజూ నలిగే ఈ మాటలు ఉండగా, అనువాదాల్లో కొందరు కృతక సమాసాలు ఎందుకు అల్లుతారో నాకు అర్థం కాదు.

కుతుబ్‌షాహీల మహళ్లలో చాలామటుకు నేలమట్టమయ్యాయి. ఇది వాడుకలో ఉన్న కట్టడం కావడం వల్లనే నిలిచిందని, అందుకు మేసన్లకు మనం రుణపడి ఉన్నామని నేను నమ్ముతాను. అయినా, గోషామహల్ బారాదరి అన్న పేరు వదిలి కేవలం ‘మేసన్ల హాలు’ అని రాయడం నాకు సమ్మతం కాదు.