అప్‌డేట్: అమ్మ పోయాక ఏడుపు ఆగట్లేదని అడిగింది నేనే

అమ్మ పోయి ఎనిమిది నెలలైనా ఏడుపు ఆగట్లేదు, నాకేమైనా అయిందా అని మార్చిలో అడిగాను. ఓపిక పట్టమన్న అందరికీ థ్యాంక్స్.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేశాను, బెంగళూరు నుంచే, తెలుగులోనే మాట్లాడాను. దీర్ఘకాల శోకం అనే సమస్యను 2022లో డీఎస్ఎంలో, అంటే మానసిక సమస్యల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే పుస్తకంలో చేర్చారని, పెద్దవాళ్లలో కనీసం ఏడాది దాటాకే దాన్ని లెక్కలోకి తీసుకుంటారని తర్వాత చదివాను. సగం టెన్షన్ అక్కడే పోయింది.

అమ్మ పెట్టిన ఆవకాయ జాడీ మారతహళ్లి రూమ్‌లో అలాగే ఉండేది. మూత తీయలేకపోయేదాన్ని. మొన్న సంవత్సరీకం అయ్యాక తీశాను. పైన నూనె తేలి ఉంది, గుప్పున వెల్లుల్లి వాసన. వేడన్నంలో కలుపుకున్నాను. ఏడుస్తూనే తిన్నాను, కానీ ముద్ద దిగింది.

ఇంకా సగం జాడీ ఉంది.