12.5 టన్నులు ఎత్తితే గాంట్రీ గర్డర్‌లో క్రాక్ ఆగుతుందా?

జీడిమెట్ల_షెడ్డు:
10 టన్నుల ఈఓటీ క్రేన్ (పైన పట్టాల మీద నడిచే కరెంటు క్రేన్). అది నడిచే దూలం, అంటే గర్డర్, ఈ250 గ్రేడు స్టీలు, కింది ఫ్లాంజ్ (అడుగు పలక) మందం 12 మి.మీ. అటాచ్‌మెంట్ వెల్డ్ టో (వెల్డ్ అంచు పలకని కలిసే చోటు) దగ్గర ఎంపీఐలో (అయస్కాంత పొడి పరీక్షలో) 14 మి.మీ. క్రాక్ తేలింది. ఎలాగూ 125 శాతం లోడ్ టెస్ట్, అంటే 12.5 టన్నులు ఎత్తి చూడటం, ఉంది, ఆ దెబ్బకి క్రాక్ నెమ్మదిస్తుందని కాంట్రాక్టర్ అంటున్నాడు. ఓవర్‌లోడ్ తర్వాత గ్రోత్ తగ్గుతుందన్న మాట నేనూ విన్నా. నమ్మొచ్చా?

పగుళ్ల_లెక్క:
విన్నది నిజమే, మీ గర్డర్‌కి పనికిరాదు. పెద్ద లోడ్ పడితే క్రాక్ కొన దగ్గర స్టీలు సాగిపోతుంది. లోడ్ దించాక చుట్టూ సాగకుండా మిగిలిన స్టీలు దాన్ని నొక్కి పడుతుంది. ఆ నొక్కుడు దాటేదాకా క్రాక్ నీరసంగా నడుస్తుంది. అదీ వెంటనే కాదు, కొంచెం ముందుకెళ్లాకే వేగం అడుగంటుతుంది.

లెక్క చూడండి. రోజువారీ గరిష్ఠ కె (క్రాక్ కొన దగ్గర ఒత్తిడి తీవ్రత) 20 ఎంపీఏ√మీ అనుకుందాం, యీల్డ్ (స్టీలు శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి) 250 ఎంపీఏ. (కె/యీల్డ్) వర్గాన్ని π (పై)తో భాగిస్తే ప్లాస్టిక్ జోన్, అంటే కొన దగ్గర సాగిపోయిన మేర, 2 మి.మీ. రెట్టింపు లోడ్‌కి 8.1, 1.25 రెట్లకి 3.2. ఓవర్‌లోడ్ తర్వాతి మందగింపుని లెక్కగట్టే వీలర్ పద్ధతిలో, అది రోజువారీ జోన్‌తో ఉన్న ఈ తేడా మేరకే: రెట్టింపు లోడ్‌కి 6 మి.మీ., మీ టెస్ట్‌కి 1.2. ఇది ప్లేన్ స్ట్రెస్ (పల్చటి పలక) లెక్క. ప్లేన్ స్ట్రెయిన్‌లో (మందపాటి పలకలో) మూడో వంతే.

వెల్డ్_టో:
ఆ 1.25 కూడా రాదండీ. పెరిగేది ఎత్తే బరువు ఒక్కటే. బ్రిడ్జి, ట్రాలీ, గర్డర్ సొంత బరువు అంతే ఉంటాయి కదా. పైగా వెల్డ్ పక్కన లాగుడు ఒత్తిడి ముందే ఉంటుంది. క్రాక్ ఉందని తెలిసి ఓవర్‌లోడ్ ఎక్కించడం, నా దృష్టిలో, కాంట్రాక్టర్ చేతిలో పెట్టాల్సిన నిర్ణయమే కాదు.

జీడిమెట్ల_షెడ్డు:
మరి స్టాప్ హోల్ (క్రాక్ ఆగేందుకు దాని కొన దగ్గర రంధ్రం) కొట్టి నడపనా అన్నా?

వెల్డ్_టో:
రిపేర్ దాకా మాత్రమే, అదీ డిజైన్ ఇంజనీర్ ఒప్పుకుంటే, తక్కువ లోడ్‌తో. కొన ఎక్కడుందో ఎంపీఐతో ఫ్లాంజ్ రెండు వైపులా చూసి గుర్తు పెట్టండి. పైన ఒకచోట, కింద ఒకచోట ఉంటుంది. 22–25 మి.మీ. డ్రిల్ చెయ్యండి, గ్యాస్ కట్టింగ్ వద్దు. అంచుల బర్ (పదునుగా మిగిలిన రజను) తీసి, లోపలి గోడ నున్నగా రుద్ది, డై పెనట్రెంట్ (పగుళ్లు చూపే ఎర్ర రంగు ద్రవం) వెయ్యండి. గోడ మీద అవతలి వైపు ఎర్ర గీత కనబడిందంటే కొన తప్పించుకున్నట్టే, రంధ్రం ఇంకా పెంచాలి. ఎక్కువగా తప్పు జరిగేది అక్కడే. తర్వాత గౌజ్ చేసి (క్రాక్ ఉన్న లోహం తొలిచేసి) ఫుల్ పెనట్రేషన్ వెల్డ్ (పలక మందమంతా నిండే వెల్డ్), టో గ్రైండింగ్, యూటీ (అల్ట్రాసోనిక్ పరీక్ష). 12.5 టన్నులు ఆ తర్వాతే.